పాత ఇంటి చరిత్రకు ఈసీ, దస్తావేజు నకళ్లు: ఏళ్లుగా వాడాక నా సమీక్ష

భీమవరం దగ్గర పల్లెలో ఉన్న మా మండువా లోగిలి ఎవరు కట్టించారో, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో తెలుసుకోవడానికి చాలా ఏళ్లుగా రిజిస్ట్రేషన్ రికార్డులు వాడుతున్నాను. ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, ఒక ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) అంటే బ్యాంకు లోను కోసం అడిగే కాగితం అనే చాలామంది అనుకుంటారు. వంశవృక్షం రాసుకునేవాళ్లకి కోస్తా పల్లెల్లో ఇంతకంటే నమ్మకమైన ఆధారం నాకు కనపడలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే వస్తుంది. అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో దరఖాస్తు పెట్టి, చేతిరాత ఇండెక్సులు వెతికించుకోవాలి. కానీ ఆ 1983 తర్వాతి భాగంలో ఒక్క దస్తావేజు నంబరు దొరికినా చాలు. దాని నకలు తీయిస్తే, ఈ ఆస్తి ఫలానా సంవత్సరం ఫలానా నంబరు దస్తావేజు వల్ల సంక్రమించిందని లోపల రాసి ఉంటుంది. ఆ నంబరుతో ఇంకో నకలు. అలా వెనక్కి వెళ్తూ మేం 1920ల దాకా చేరాం. ఒక ఆఫీసులో "మీకేం సంబంధం?" అన్నారు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షను ప్రకారం స్థిరాస్తి దస్తావేజులుండే 1వ పుస్తకాన్ని ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు. ఆ మాట చెప్పాక పని సాగింది.

నకలు చేతికొచ్చాక అమ్మినవారు, కొన్నవారు, ధర చూసి పక్కన పెట్టకండి. చెక్కుబందీ, అంటే ఆస్తికి నాలుగు వైపులా ఉన్న హద్దుల వివరం, చదవండి. మా ఇంటి పడమటి హద్దుగా ముత్తాతగారి తమ్ముడి ఇల్లు అని ఉంది. అలాంటి తమ్ముడు ఒకాయన ఉన్నారని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తర్వాతి దస్తావేజులో అదే పడమటి హద్దులో ఆయన భార్య పేరు వచ్చింది. ఆ పేరుతో ఇండెక్సు వెతికిస్తే, కీర్తిశేషులైన ఆయన మైనరు కొడుకు తరఫున తల్లి గార్డియన్‌గా రాసిన కాగితం దొరికింది. ఒక శాఖ మొత్తం తిరిగి మా వంశంలో చేరింది. ఇల్లు ఎప్పుడు కట్టారో ఏ దస్తావేజూ నేరుగా చెప్పలేదు కానీ, ముందు కాగితంలో "తాటాకిల్లు, దొడ్డి" అని ఉన్నది తర్వాతి కాగితానికి "మండువా పెంకుటిల్లు" అయింది. ఆ రెండు తేదీల మధ్యే కట్టారు.

అమ్మకుండా తరతరాలుగా వచ్చిన ఇంటికి కాగితాలు తక్కువ. నోటిమాటతో చేసుకున్న పంపకాలకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు కాబట్టి తరాలు ఏ జాడా లేకుండా గడిచిపోతాయి. ఆ ఖాళీని మాకు పూడ్చింది తనఖాలే. 1930 ప్రాంతంలో ధాన్యం ధరలు పడిపోయి అప్పులు పెరిగిన రోజుల్లో మావాళ్లు ఇల్లు తనఖా పెట్టారు. అందులో అన్నదమ్ములందరి పేర్లూ, మైనర్ల వయసులతో సహా ఉన్నాయి. తాతగారి పుట్టిన సంవత్సరం నాకు అక్కడే తెలిసింది. చెల్లు రసీదు 1938 తర్వాతది. రైతుల అప్పుల భారం తగ్గిస్తూ మద్రాసు ప్రభుత్వం చట్టం తెచ్చిన సంవత్సరం అది.

పాత కాగితంలో "కృష్ణా జిల్లా, భీమవరం తాలూకా" అని చూసి టెన్షన్ పడొద్దు. 1904లో భీమవరం, తణుకు తాలూకాలు గోదావరి జిల్లా నుంచి కృష్ణాలోకి వెళ్లాయి, 1925లో పశ్చిమ గోదావరిలోకి వచ్చాయి. ట్రంకుపెట్టెలో దొరికే శిస్తు రసీదుల మీద ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం) ఉంటే 590 కలపండి. మద్రాసు రాష్ట్రపు లెక్కలో ఫసలీ 1335 అంటే 1925 జూలై నుంచి 1926 జూన్ దాకా. క్రోధన లాంటి సంవత్సరం పేరు ఒక్కటే ఉంటే అది 1865 కావచ్చు, 1925 కావచ్చు. ఇక గొలుసుకట్టు రాత మనకి అర్థం కాదు. రిటైరైన దస్తావేజు లేఖరి ఒకరిని కూర్చోబెట్టుకుంటే గంటల పని నిమిషాల్లో అవుతుంది.

ఇల్లు గ్రామకంఠంలో (ఊరి నివాస స్థలంలో) ఉంటే అడంగల్, 1-బీ లాంటి పొలం రికార్డులు వెతకడం వృథా. పంచాయతీ ఇంటిపన్ను డిమాండు రిజిస్టరు అడగండి. మాకు పాతవి దొరకలేదు.

ఈ రికార్డులతో నాకున్న పెద్ద బాధ ఆడపిల్లల గురించి. పసుపు కుంకుమ కింద ఏదైనా రాసిస్తే తప్ప కూతుళ్ల పేర్లు కనిపించవు. 1985 నుంచి అమల్లోకి వచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకి పిత్రార్జితంలో వాటా ఇచ్చింది. ఆ తర్వాతే మా పంపకాల దస్తావేజుల్లో వాళ్లు కనపడ్డారు. అంతకు ముందు తరాల మేనత్తల పేర్లు ఊళ్లో పెద్దవాళ్లని అడిగి రాసుకోవాల్సి వచ్చింది. ఆ పని వాయిదా వెయ్యకండి.

వీలునామాలు 3వ పుస్తకంలో ఉంటాయి. రాసినవారు బతికుండగా ఇతరులకి నకలు ఇవ్వరు, పోయాక అడిగినవారికి ఇస్తారు. ముత్తాతగారి వీలునామా కోసం ఇప్పుడు ఆ దరఖాస్తే పెట్టాను.