బస్ట్ డాలరా, బస్ట్ హాఫ్ డాలరా? ముందు ఏది కొనాలి?

అమెరికాలో ఉంటూ పాత వెండి నాణేలు సేకరించడం మొదలుపెట్టిన మనవాళ్ళు నన్ను మళ్ళీ మళ్ళీ అడిగేది ఇదే: వెయ్యి డాలర్ల పైచిలుకు పెట్టి ఒక డ్రేప్డ్ బస్ట్ డాలర్ (భుజాల మీద వస్త్రం కప్పుకున్న లిబర్టీ దేవత బొమ్మ ఉన్నది) కొనాలా, లేక అదే డబ్బుతో క్యాప్డ్ బస్ట్ హాఫ్ డాలర్లు (అదే దేవత టోపీతో ఉన్న అర డాలర్ నాణేలు) నాలుగైదు తీసుకోవాలా? నా ఓటు హాఫ్ డాలర్లకే.

డాలర్ మీద మోజు ఎందుకో నాకు తెలుసు. దాదాపు 27 గ్రాముల బరువు, అరచేతిలో పెడితే నిండుగా ఉంటుంది, ఫిలడెల్ఫియా టంకశాల తొలి ఏళ్ళ నాటి సొమ్ము. 1798, 1799 నాటివి లక్షల్లో కొట్టారు కాబట్టి డబ్బుంటే దొరక్కపోవడం అంటూ ఉండదు. కాకపోతే ఎలాంటిది దొరుకుతుందన్నదే నన్ను ఆలోచనలో పడేస్తుంది. కొత్త డాలర్లు కొట్టినవి కొట్టినట్టే విదేశాలకు తరలిపోతున్నాయని 1804 తర్వాత వాటి ముద్రణే ఆపేశారు, మిగిలినవాటిలో ఎన్నో లాకెట్లయ్యాయి, కొన్నిటికి చిల్లులు పొడిచి తర్వాత పూడ్చారు, ఇంకెన్నిటినో తోమి తెల్లగా చేశారు.

హాఫ్ డాలర్ల కథ వేరు. డాలర్లు ఆగిపోయాక అమెరికా కొట్టే వెండి నాణేల్లో అన్నిటికన్నా పెద్దది అదే. దాంతో బ్యాంకులు వాటిని సంచుల్లో కట్టి నిల్వ పెట్టుకునేవి, ఒకదానికొకటి బాకీ తీర్చడానికి సంచులే అటూ ఇటూ తిరిగేవి, జనం చేతుల్లో నలిగింది తక్కువ. 1836లో ఒక్క ఏడాదే 65 లక్షలకు పైగా కొట్టారు. అందుకే రెండు వందల ఏళ్ళ నాటి నాణెం, ఎవరూ తోమనిది, ఇప్పటికీ రెండు వందల డాలర్ల లోపు దొరుకుతోంది.

నా దృష్టిలో ఈ తోమకపోవడమే అసలు విషయం. మన ఇళ్ళలో వెండి నల్లబడితే విభూతితోనో చింతపండుతోనో తోమేస్తాం, మెరిస్తేనే మనకు తృప్తి. పాత నాణెం విషయంలో అది పూర్తిగా తలకిందులు. తోమిన నాణేనికి నాణేలను పరీక్షించి నాణ్యతకు గ్రేడు ఇచ్చే పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి సంస్థలు మామూలు గ్రేడు ఇవ్వకుండా 'డీటెయిల్స్' అని రాసేస్తాయి, ధర అక్కడే పడిపోతుంది. ఒకే బల్బు కింద నాణేన్ని మెల్లగా వంచి చూడండి. తోమనిదైతే ఖాళీ భాగం బూడిద రంగులో ఉండి నక్షత్రాల చుట్టూ, అక్షరాల సందుల్లో నలుపు నిలిచి ఉంటుంది. తోమినదైతే అంతా ఒకే తెలుపు, సన్నటి గీతలు ఒకే దిక్కుగా పరుగెడుతుంటాయి. ఈ తేడా కంటికి పట్టాలంటే చాలా నాణేలు పక్కపక్కన పెట్టి చూడాలి, ఆ అవకాశం హాఫ్ డాలర్లే ఇస్తాయి.

పైగా వీటిలో డై (నాణెం మీద ముద్ర వేసే అచ్చు) రకాల వేట ఉంది. ఈ రకాలకు నంబర్లిచ్చిన ఆల్ ఓవర్టన్ వర్గీకరణ ప్రకారం 1807–1836 మధ్య దాదాపు 450 డై జతలున్నాయి. అమ్మేవాళ్ళు చాలామంది ఆ నంబరు చూడరు, కాబట్టి ఓపికున్నవాడికి మామూలు ధరకే అరుదైన రకం చిక్కుతుంది. నన్ను ఈ నాణేలకు కట్టిపడేసింది ఇదే.

నకిలీల టెన్షన్ కూడా డాలర్లకే ఎక్కువ. 1804 అని ఉన్న డాలర్ ఎవరైనా చూపిస్తే ఆశపడకండి, అసలువి ప్రపంచం మొత్తంలో 16 మాత్రమే ఉన్నట్టు తెలుసు, అవి కూడా 1834లోనూ ఆ తర్వాతా కొట్టినవే.

మిగతావాటి సంగతి క్లుప్తంగా. హాఫ్ డైములు (ఐదు సెంట్ల చిన్న వెండి నాణేలు) ముద్దుగా ఉంటాయి కానీ భూతద్దం లేనిదే ఏమీ కనబడదు. 1796 క్వార్టర్లు 6,146 మాత్రమే కొట్టారు, ధర మనకందదు. 1652 అని ముద్రించిన మసాచుసెట్స్ పైన్ ట్రీ షిల్లింగ్ గొప్ప నాణెమే, కానీ మొదటి కొనుగోలు కాదు.

ఇంత చెప్పినా డాలరే కావాలంటే 1798 లేదా 1799ది, స్లాబ్‌లో (గ్రేడు ఇచ్చే సంస్థ సీలు వేసిన ప్లాస్టిక్ డబ్బీలో) ఉన్నది తీసుకోండి. స్లాబ్ నంబరును ఆ సంస్థ సైట్‌లో కొట్టి, అక్కడ ఫోటో ఉంటే చేతిలో ఉన్న నాణెంతో గీతకు గీత పోల్చండి, ఎందుకంటే స్లాబ్‌లకూ నకిలీలు వస్తున్నాయి. ఆకురాయి గీతలు వరుసగా కనిపిస్తే మాత్రం కంగారు పడొద్దు. బరువు ఎక్కువైన బిళ్ళను ముద్ర వేసే ముందు టంకశాలలోనే అరగదీసేవారు, ఆ గీతలు అప్పటివి.