రీపర్‌లో మిక్సర్ తెరవకుండానే సగం మిక్స్ అయిపోతుంది

పాటల మిక్సింగ్‌కి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని అడిగేవాళ్ల మొదటి ప్రశ్న ఎప్పుడూ ప్లగిన్ల (సౌండ్ మార్చే చిన్న ప్రోగ్రాములు) మీదే. "ఆటోట్యూన్ వస్తదా అన్నా? రివర్బ్ మంచిగుంటదా?" ఒక్కో సౌండ్‌ను పెంచి తగ్గించే మిక్సర్ ఎలా ఉంటుందని ఎవరూ అడగరు. పనిలో దిగాక రోజంతా చెయ్యి పెట్టేది మాత్రం అక్కడే. అందుకని ఈ రివ్యూలో, పాటలు రికార్డ్ చేసి మిక్స్ చేసే రీపర్ అనే సాఫ్ట్‌వేర్ మిక్సర్ సంగతే రాస్తున్నా, మిగతావి దాదాపు వదిలేస్తున్నా.

నాది హనుమకొండలో ఇంటి పైగదిలో పెట్టుకున్న చిన్న సెటప్. యూట్యూబ్ జానపదాలు, పెళ్లి పాటలు చేస్తాను. బతుకమ్మ ముందు నెలరోజులు ఊపిరి ఆడదు. మామూలు బతుకమ్మ పాట తీసుకున్నా లీడ్ గొంతు, దాని డబుల్, కోరస్ అమ్మాయిలు రెండేసి సార్లు పాడినవి, చప్పట్లు, డోలక్, డప్పుకు రెండు మైకులు, గజ్జెలు, ఫ్లూట్, ప్యాడ్లు, ఆపైన ప్రోగ్రామర్ పంపిన రిథమ్ స్టెమ్స్ (విడివిడి ఆడియో ఫైళ్లు) ఉంటాయి. ఒక్కోదానికీ ఒక విడి వరుస, అంటే ట్రాక్. ముప్ఫై ట్రాకులు దాటడం పెద్ద విషయం కాదు. చూసుకోవడానికి ఉన్నది మాత్రం ల్యాప్‌టాప్ తెరే.

రీపర్‌లో ట్రాకులకు రకాలు లేవు. ప్రో టూల్స్ సాఫ్ట్‌వేర్‌లో కొత్త ట్రాక్ తెరిచేటప్పుడే అది ఆడియోనా, ఆక్సా (వేరే ట్రాకుల సౌండ్ వచ్చి చేరేది), ఇన్‌స్ట్రుమెంటా అని చెప్పాలి. ఇక్కడ ఉన్నది ఒకటే ట్రాక్. అందులో గొంతు రికార్డ్ చేసినా, మిడి (వాయిద్యం నోట్లు) పెట్టినా, ఖాళీగా ఉంచి రివర్బ్ (ప్రతిధ్వని ఎఫెక్ట్) వేసుకున్నా అడిగేవాడు లేడు. కోరస్ ట్రాకులన్నీ పట్టుకుని ఇంకో ట్రాక్ కిందికి లాగితే పైది ఫోల్డర్ అవుతుంది, కింది వాటి సౌండ్ అంతా దానిలోంచే బయటికి వెళ్తుంది. వేరే బస్ (కొన్ని ట్రాకుల సౌండ్ కలిసే దారి) తెరిచి, దానికి పేరు పెట్టి, ఒక్కో ట్రాక్ అవుట్‌పుట్ మార్చుకుంటూ కూర్చోనక్కర్లేదు. టైమ్‌లైన్ సర్దుకోవడానికి కట్టిన ఫోల్డరే మిక్స్‌లో గ్రూప్ ఫేడర్, అంటే అన్నిటి సౌండ్‌నూ కలిపి పెంచి తగ్గించే మీట.

నాకు తెలిసిన బీట్ ప్రోగ్రామర్లు దాదాపు అందరూ ఎఫ్ఎల్ స్టూడియో వాడతారు. అక్కడ లెక్క వేరు. ఛానల్ ర్యాక్ (సౌండ్ల జాబితా) ఒకచోట, మిక్సర్ ఇంకోచోట ఉంటాయి. ఏ సౌండ్ మిక్సర్‌లో ఏ నంబర్‌కి వెళ్లాలో మనమే చెప్పాలి, లేదా కంట్రోల్ ఎల్ కొట్టి పంపాలి. ఒక్కో మిక్సర్ ట్రాక్‌కి పది ఎఫెక్ట్ స్లాట్లు. ప్లేలిస్ట్‌లో (పాట ముక్కలు పేర్చే చోట) వరుసకీ మిక్సర్‌కీ సంబంధం ఉండాలన్న రూలేమీ లేదు. బీట్ కట్టేటప్పుడు ఇది నిజంగా హాయి, ఏ ముక్కనైనా ఎక్కడైనా పడేయొచ్చు. ముప్ఫై ట్రాకుల పాటను మిక్స్ చేసేటప్పుడు మాత్రం ఏది ఎటు పోతోందో వెతుక్కోవడమే ఒక పని. రీపర్‌లో ఎడమ పక్క ప్యానెల్లో ఉన్న వరుస, కింద మిక్సర్‌లో ఆ ట్రాక్‌కి ఉన్న స్ట్రిప్ (నిలువు పట్టీ) రెండూ ఒకటే. రంగు, పేరు, క్రమం ఒకచోట మారిస్తే రెండో చోటా మారతాయి.

దీని సుఖం పక్కన మనిషి కూర్చున్నప్పుడు తెలుస్తుంది. మొన్న ఒక నిర్మాత నా వెనక కుర్చీ వేసుకుని, "తమ్మీ, ఆడపిల్లల గొంతులు జర కిందికి. డప్పు మాత్రం గుండెకు తగలాలె" అన్నాడు. అప్పుడు మిక్సర్ తెరిచి కూడా లేదు. కోరస్ ఫోల్డర్ ఫేడర్‌ను ఎడమ ప్యానెల్లోనే కంట్రోల్ నొక్కి పట్టి నెమ్మదిగా రెండు డీబీ దించా. డప్పు ఫోల్డర్ మీదున్న రీకాంప్‌లో (రీపర్‌తో వచ్చే కంప్రెసర్, పెద్ద సౌండ్‌ను అణిచేది) అటాక్, అంటే అణచడానికి తీసుకునే సమయం, కాస్త పెంచా, దెబ్బ ముందు అంచు నలగకుండా బయటికి వచ్చింది. పాట ఆగలేదు, పల్లవి దాటేలోపు అయిపోయింది. "ఆఁ, గిట్లనే ఉంచు" అని ఫోన్ చూసుకోవడంలో పడ్డాడు.

సెండ్లు (ఒక ట్రాక్ సౌండ్‌ను ఇంకో ట్రాక్‌కి కూడా పంపడం) కూడా ఇలాగే. ట్రాక్ మీది రూట్ బటన్‌ను మౌస్‌తో పట్టుకుని రివర్బ్ ట్రాక్ మీద వదిలితే సెండ్ తయారు. ఫేడర్ తర్వాతా, ముందా, ఎఫెక్టుల కన్నా ముందా అన్నది అక్కడే ఎంచుకోవచ్చు. అదే బటన్‌ను ఇంకో ట్రాక్‌లోని కంప్రెసర్ మీద వదిలితే సైడ్‌చైన్‌కి (ఒక ట్రాక్ సౌండ్‌ను బట్టి ఇంకోదాన్ని తగ్గించడం) కావాల్సిన 3, 4 ఛానళ్ల సంగతి అదే చూసుకుంటుంది. రీకాంప్‌లో డిటెక్టర్ ఇన్‌పుట్‌ను (అది ఏ సౌండ్ వినాలో చెప్పేది) ఆక్సిలరీకి మార్చుకోవడం మాత్రం మన వంతు.

ఇక అసలు మిక్సర్. కంట్రోల్ ఎమ్ కొడితే వస్తుంది, మళ్లీ కొడితే పోతుంది. దాని మీద రైట్ క్లిక్ చేసి చోటుంటే స్ట్రిప్పులను రెండు మూడు వరుసల్లో చూపించే ఆప్షన్ పెట్టుకోండి. ఫోల్డర్ మీద నొక్కితే పిల్ల ట్రాకులు దాక్కునే ఐకాన్ కూడా ఆ మెనూలోనే ఉంది. ట్రాక్ మేనేజర్‌లో అయితే ఏ ట్రాక్ టైమ్‌లైన్‌లో కనపడాలి, ఏది మిక్సర్‌లో కనపడాలి అన్నది విడివిడిగా టిక్ పెట్టుకోవచ్చు. నా మిక్సర్‌లో చివరికి మిగిలేవి ఫోల్డర్లు, లీడ్ గొంతు, రివర్బ్, డిలే, అంతే.

బాగోలేనివీ ఉన్నాయి. రైట్ క్లిక్ మెనూలు మరీ పొడుగు, కొత్తవాడు బెదిరిపోతాడు. చిన్న తెర మీద స్ట్రిప్‌లో ఎఫెక్టుల పేర్లు, సెండ్ల పేర్లు సగమే కనపడతాయి. అంతకన్నా పెద్ద లోటు, స్ట్రిప్ మీద ఈక్యూ (బాస్, ట్రెబుల్ లాంటివి సర్దేది), కంప్రెసర్ నాబ్‌లు సిద్ధంగా ఉండవు. హారిసన్ వాళ్ల మిక్స్‌బస్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి ఛానల్ మీదా అవి పెట్టే ఇస్తారు, అసలు కన్సోల్ ముందు కూర్చున్నట్టే చెయ్యి చాపి తిప్పడమే. ఇక్కడ మామూలుగా ఒక్కోదానికీ ఒక విండో తెరవాలి. నాలుగు తెరిస్తే ల్యాప్‌టాప్‌లో ఇంకేమీ కనపడదు. ఎఫెక్టుల విండోను కింద డాక్ చేసుకుంటే కొంత నయం. ఇంతకీ టైమ్‌లైన్, ఫేడర్లు ఒకేసారి కనపడాలన్న కోరిక నా ఒక్కడిది కాదు. ఏబుల్టన్ లైవ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ కూడా 2024లో వచ్చిన 12వ వెర్షన్‌లో మిక్సర్‌ను అరేంజ్‌మెంట్ వ్యూలోకి, అంటే టైమ్‌లైన్ ఉండే తెరలోకి తెచ్చింది.

ధర 60 డాలర్లు. సొంతానికి వాడుకునేవాళ్లకూ, ఏడాదికి 20,000 డాలర్ల లోపు రాబడి ఉన్న వ్యాపారాలకూ ఇదే, ఆపైన ఉంటే 225. ఇప్పుడు 7వ వెర్షన్‌కి కొన్న లైసెన్స్ 8.99 దాకా పనిచేస్తుంది. ట్రయల్ 60 రోజులు, అందులో ఏ ఫీచరూ దాచిపెట్టలేదు. ఇందులో వాయిద్యాల సౌండ్లు మాత్రం చెప్పుకోదగ్గవి లేవు, బీట్లు కట్టేవాళ్లు ఎఫ్ఎల్‌లోనే ఉండండి. గొంతులు, డప్పులు రికార్డ్ చేసి మిక్స్ చేసేవాళ్లు మీ పాత పాట ఒకదాని స్టెమ్స్ ఇందులో వేసి, ముందు ఫోల్డర్లు కట్టి చూడండి. థీమ్‌లు, రంగులు తర్వాత మార్చుకోవచ్చు.