పోకెమాన్ కార్డులు: అట్టముక్కలా, ఆటయంత్రమా?

కడపలో ఎండాకాలం మధ్యాహ్నాలు బయట అడుగు పెట్టనివ్వవు. ఆ వేళల్లో మా అక్క కొడుకుతో పోకెమాన్ అనే కల్పిత ప్రాణులను పోరాడించే కార్డులాటను రెండు రకాలుగా ఆడాను: అట్టముక్కలతో, ఆపై 1998లో జపాన్‌లో గేమ్‌బాయ్ అనే చేతి ఆటయంత్రానికి వచ్చిన రూపంలో. ఆ పాత ఆటను 2023 నుంచి నింటెండో స్విచ్ అనే ఆటయంత్రానికి ఉన్న చందా సేవ, నింటెండో స్విచ్ ఆన్‌లైన్‌లోనూ ఆడవచ్చు.

మూల నియమాలు ఒకటే. ఒక్కొక్కరికి 60 కార్డుల కట్ట, మొదట చేతిలోకి 7, పక్కన 6 బహుమతి కార్డులు (ఎదుటి పోకెమాన్‌ను ఓడించినప్పుడల్లా తీసుకునేవి; యంత్రంలో కొన్ని పోటీల్లో ఇవి తక్కువ).

నేర్చుకునేవారికి మాత్రం యంత్రమే మంచి గురువు. ఎదుటివారి బలహీనత వల్ల దెబ్బ రెట్టింపైతే తానే లెక్కగడుతుంది, నాణెం తానే ఎగరేస్తుంది, నియమం తప్పనివ్వదు. గెలిస్తే కొత్త కార్డుల పొట్లాలు వస్తాయి, వాటికి రూపాయి ఖర్చు లేదు. ఎనిమిది క్లబ్బుల నాయకులను, నలుగురు గ్రాండ్ మాస్టర్లను, చివరగా ప్రత్యర్థి రోనాల్డ్‌ను దాటితే లెజెండరీ కార్డులనే అరుదైన కార్డులు దక్కుతాయి. వాటిలో జాప్డాస్ అనే పోకెమాన్ వేసే పిడుగు ఎవరి మీద పడుతుందో యంత్రమే ఎంచుతుంది. మన పోకెమాన్ మీదైనా పడవచ్చు! ఆ ఉత్కంఠ నాకెంతో ఇష్టం.

అట్టముక్కలకు ఖర్చెక్కువ. ఒక దుకాణంలో కొన్న పొట్లంలో అన్నీ నకిలీలే వచ్చి, పిల్లవాడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అయినా "మామా, ఇది నీకిస్తా, అది నాకివ్వు" అని బేరమాడేటప్పుడు వాడి ముఖంలో వెలుగు తెర ముందు నాకు కనబడలేదు.

అందుకే మొదటి నెల యంత్రంతో నేర్పించండి. తర్వాత నమ్మకమైన చోట చెరో కట్ట కొని, చాప పరిచి ఎదురెదురుగా కూర్చోండి.