స్టార్ ఫాక్స్ 2: పోరులో ఉన్నా ఆగని కాలం

మా అక్క 2018లో డల్లాస్ నుంచి వస్తూ సూపర్ ఎన్‌ఈఎస్ క్లాసిక్ తెచ్చిచ్చింది, పాత ఆటలతో నింటెండో తెచ్చిన చిన్న గేమ్ కన్సోల్ అది. అందులోని 21 ఆటల్లో ఇన్నేళ్ళ తర్వాత కూడా నేను మళ్ళీ మళ్ళీ తెరిచేది అంతరిక్ష ఓడ నడుపుతూ శత్రువుల్ని కాల్చే స్టార్ ఫాక్స్ 2 ఒక్కటే. మొదటి స్టార్ ఫాక్స్‌లో తొలి దశ గెలిస్తే అది తెరుచుకుంటుంది.

ఓడ నడపడం, కాల్చడం గురించి కొత్తగా చెప్పేదేం లేదు. నాకు ప్రాణమైనది ఈ ఆటలో కాలం నడిచే తీరు. మనం ఒక గ్రహంలో శత్రువుల స్థావరం పగలగొడుతుంటే, మ్యాప్ మీద మిగతావాళ్ళు మనకోసం ఆగరు. విలన్ ఆండ్రాస్ వదిలిన మిస్సైళ్ళు మనం కాపాడాల్సిన గ్రహం కొర్నేరియా వైపు కదులుతూనే ఉంటాయి. కొర్నేరియా నష్టం 100 శాతానికి చేరితే ఆట ముగిసినట్టే, మన ఓడకి గీత కూడా పడకపోయినా సరే.

ఆ సంగతి నాకు వంటబట్టింది 2019 వేసవిలో. అక్కతో పాటు మేనల్లుడు వచ్చాడు, అప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు. నార్మల్ కన్నా కష్టమైన హార్డ్ స్థాయిలో, పైలట్లుగా ఫాక్స్‌నీ, మియూనీ తీసుకున్నాం. స్థావరం లోపల సెలెక్ట్ నొక్కి ఓడని రెండు కాళ్ళ యంత్రంగా మార్చాను. అలా నడవడం నాకు ఎంత నచ్చిందంటే, పతకం ఏదైనా దాగుందేమోనని ప్రతి మూలా వెతుకుతూ ఉండిపోయాను.

"మామయ్యా, మనం లోపలికి వచ్చేటప్పుడు బయట రెండు మిస్సైళ్ళున్నాయి" అన్నాడు వాడు.

"ఉండరా, ఒక్క నిమిషం" అన్నాను.

బయటికొచ్చి చూస్తే ఒకటి అప్పటికే తగిలింది. నష్టం 80 దాటింది. రెండోది కొర్నేరియా దగ్గరికి వచ్చేసింది. దానికి అడ్డం పడదామని ఓడని మళ్ళించాను, అందలేదు. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి వెళ్ళి పాత క్యాలెండర్ కాగితం, పెన్సిల్ తెచ్చుకుని కూర్చున్నాడు. "ఈసారి లెక్క నేను పెడతా, నువ్వు కాల్చు" అన్నాడు. లోపలికి వెళ్ళే ముందు మ్యాప్ మీద ఏది ఎక్కడుందో వాడు గీసుకునేవాడు, ఇక చాలు బయటికి రా అని చెప్పేవాడు. ఆ నెలాఖరులోపు హార్డ్ గెలిచాం. ఆ కాగితం ఇప్పటికీ పెట్టెలోనే దాచాను.

ఇంత పదునైన ఆలోచన ఉన్న ఆటని 1995లో పూర్తిచేసి కూడా విడుదల చెయ్యలేదంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. అప్పటి కొత్త కన్సోళ్ళు ప్లేస్టేషన్, శాటర్న్‌ల త్రీడీ ముందు ఇది వెలవెలబోతుందని నింటెండో వాళ్ళు అనుకున్నారు. పైగా వాళ్ళ తర్వాతి కన్సోల్ నింటెండో 64 రాబోతోంది. త్రీడీ బొమ్మలకి తోడ్పడే సూపర్ ఎఫ్‌ఎక్స్ 2 చిప్ మీద ప్రోగ్రామర్ డిలన్ కుత్‌బర్ట్, ఆయన తోటివాళ్ళు పడిన కష్టం అధికారికంగా బయటికి రావడానికి 2017 దాకా పట్టింది. నలువైపులా తిరుగుతూ చేసే పోరు, ఫాక్స్ జట్టుకి పోటీగా వచ్చే స్టార్ వుల్ఫ్ ముఠా 1997లో స్టార్ ఫాక్స్ 64లోకి వెళ్ళాయి. మ్యాప్ ఆలోచన 2006లో స్టార్ ఫాక్స్ కమాండ్‌లో మళ్ళీ కనిపించింది. మియూ, ఇంకో పైలట్ ఫే మాత్రం 64లో లేరు. తక్కువ రక్షణతో చురుగ్గా దూసుకుపోయే ఆ ఇద్దరంటే మావాడికి ఎంతో ఇష్టం.

కొత్తలో ఇది మొదటి ఆటని మించిందని అందరితో అనేవాణ్ణి. ఇప్పుడంత గట్టిగా అనను. నార్మల్ అయితే గంటలోపే అయిపోతుంది. శత్రువులు ఎక్కువైనప్పుడు బొమ్మ తడబడుతుంది, గురి తప్పుతుంది. మొదటి ఆటలో ఒక్కో దశకీ ఉన్న నిండుదనం ఇందులో లేదు. మొన్న డిసెంబరులో ఒంటరిగా ఆడాను. నా లెక్క నేనే పెట్టుకోవాల్సి వచ్చింది, అదే మ్యాప్ ఈసారి చిన్నగా అనిపించింది.

కాబట్టి కొనమని అందరికీ చెప్పలేను. నింటెండో స్విచ్ కన్సోల్‌కి ఇచ్చే స్విచ్ ఆన్‌లైన్ చందా ఇప్పటికే ఉంటే అందులోనే ఉంది, నేరుగా హార్డ్‌తో మొదలుపెట్టండి. పక్కన లెక్క పెట్టేవాళ్ళు ఒకరుంటే ఇంకా మంచిది. మావాడు వచ్చే జూన్‌లో వస్తున్నాడు. హార్డ్‌ని మించిన ఎక్స్‌పర్ట్ స్థాయి ఇంకా మిగిలే ఉంది.