‘హెర్బల్’, ‘లీగల్’ అని రాసున్న మత్తు ప్యాకెట్లు కొనేముందు నాకు జరిగింది చదవండి

గంజాయికి బదులు అంటూ అమ్మే ఆకుపొడి ప్యాకెట్లు కొనాలనుకుంటున్న వాళ్ల కోసం రాస్తున్నాను. నేను కొన్నాను. ఆసుపత్రిలో పడ్డాను.

నిద్ర పట్టక, పని టెన్షన్‌తో సతమతమవుతున్న రోజుల్లో ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాను. కవరు మీద ‘నూరు శాతం మూలికలు’, ‘చట్టబద్ధం’ అని పెద్ద అక్షరాలు. వెనకవైపు చిన్నగా ‘సువాసన కోసమే, మనుషులు తీసుకోవడానికి కాదు’ అని ఉంది. చూశాను కూడా. చట్టం కోసం అలా రాస్తారులే అనుకుని వదిలేశాను. కొన్నవాడికి ఏమైనా తనకు సంబంధం లేదని అమ్మేవాడు ముందే రాసిపెట్టుకున్న మాట అది.

మొదటి రెండుసార్లు కాస్త మత్తుగా అనిపించింది, అంతే. మూడోసారి ప్యాకెట్ అడుగున మిగిలిన పొడి కాల్చాను, అంతకుముందు కంటే తక్కువే. ఐదు నిమిషాలు కాకముందే గుండె దడ మొదలైంది. వాంతులయ్యాయి. ఎవరో నన్ను చంపడానికి వస్తున్నారని భయం పట్టుకుంది. ఆ తర్వాత నాకేమీ గుర్తు లేదు. ఫిట్స్ వచ్చాయని గదిలో ఉన్న ఫ్రెండ్ తర్వాత చెప్పాడు.

ఆసుపత్రిలో మామూలు యూరిన్ టెస్టులో ఏమీ తేలలేదు. ప్యాకెట్ చూశాకే డాక్టరుగారికి విషయం అర్థమైంది. ఇందులో ఆకు పేరుకే ఉంటుందట. ల్యాబ్‌లో తయారైన రసాయనాన్ని అసిటోన్ లాంటి దాంట్లో కరిగించి ఎండు ఆకు మీద చల్లుతారు. అది అంతటా సమానంగా పడదు. ఒక చిటికెలో ఏమీ ఉండకపోవచ్చు, పక్క చిటికెలో ప్రాణం మీదికి తెచ్చేంత ఉండొచ్చు. నాకు అడుగుపొడి దగ్గర జరిగింది అదే అయ్యుండాలి. పైగా గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ అనే పదార్థం, మెదడు కణాల మీద రసాయన సంకేతాలను అందుకునే గ్రాహకాలను కొంతవరకే ప్రేరేపిస్తుంది. ఈ రసాయనాల్లో చాలావాటి ప్రభావం పూర్తి స్థాయిలో ఉంటుంది. కిడ్నీలు దెబ్బతిన్న కేసులు కూడా ఉన్నాయని నాకు ఆ పరీక్షలూ చేశారు.

ఇంటికొచ్చాక దీని గురించి చదివితే నిజంగా వణుకు పుట్టింది. యూరప్‌లో మూలికల ధూపం అని అమ్మిన ‘స్పైస్’ను 2008 చివర్లో పరీక్షిస్తే జేడబ్ల్యూహెచ్-018 అనే రసాయనం బయటపడింది. అమెరికాలో జాన్ హఫ్‌మన్ అనే ప్రొఫెసర్ పరిశోధన కోసం తయారుచేసింది అది. కవరు మీద రాసిన మూలికల జాబితాలో దాని ఊసే లేదు. ఒక రసాయనాన్ని నిషేధిస్తే అణువులో చిన్న మార్పు చేసి మళ్లీ ‘లీగల్’ అని అమ్మకానికి పెట్టేవాళ్లు. అంటే ఆ మాటకు అర్థం ప్రమాదం లేదని కాదు, చట్టం ఇంకా దాన్ని పట్టుకోలేదని మాత్రమే. ఈ ఆట కట్టించడానికే బ్రిటన్ 2016లో ఇలాంటి మత్తు పదార్థాలన్నిటినీ కలిపి ఒకే చట్టం కిందికి తెచ్చింది. 2018లో అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రంలో అయితే ఇలాంటి పొడిలో ఎలుకల మందులో వాడే బ్రోడిఫకూమ్ కలిసింది. కాల్చినవాళ్లకు రక్తం గడ్డకట్టక ముక్కు నుంచి, చిగుళ్ల నుంచి, మూత్రంలో రక్తస్రావమైంది. కొందరు చనిపోయారు.

నిజంగా ఆకే అయినా భద్రం అనుకోకండి. ఉమ్మెత్త కూడా మొక్కే కదా.

అమ్మినవాళ్లకు రాస్తే జవాబు లేదు. వారానికి అదే పొడి ఇంకో పేరుతో, ఇంకో రంగు కవరులో కనిపించింది. అందుకే పేరు గుర్తుపెట్టుకుని లాభం లేదు, ఈ రకం సరుకే ముట్టుకోకండి.

ఇప్పటికే రోజూ వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా ఆపితే చెమటలు, వణుకు, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టరుకు దాచకుండా చెప్పి ఆపండి. ఎవరైనా మీ కళ్లముందే పడిపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, ఒంటరిగా వదలకండి, వెంటనే అంబులెన్స్ పిలవండి. ప్యాకెట్ మాత్రం పారేయకండి. ఆ రాత్రి నా ఫ్రెండ్ దాన్ని జేబులో వేసుకుని వచ్చాడు కాబట్టే డాక్టర్లకు నాకేమైందో తెలిసింది.