చీటీ తీయాలా, పంచి ఏరుకోవాలా, వేలంపాట పెట్టాలా? అన్నదమ్ముల పంపకంలో ఏది మేలు

మా తాతగారి పొలం పంచిన రోజు చీటీ తీసింది నేనే. నాకప్పుడు పదేళ్లు. స్టీలు చెంబులో రెండు కాగితం ఉండలు, చుట్టూ నులకమంచాల మీద ఊరి పెద్దమనుషులు. ఉన్నది నాలుగెకరాలు. రోడ్డు పక్క రెండెకరాలు మెట్ట, వెనక రెండెకరాలు బోరు కింద చేను. ఊళ్లోనే సేద్యం చేసుకునే నాన్నకు బోరు కావాలి. గుంటూరులో ఉద్యోగం చేస్తున్న పెదనాన్నకు రేపు ప్లాట్లేసి అమ్ముకోవడానికి రోడ్డు పక్కది కావాలి. నా చేతికొచ్చిన ఉండ విప్పితే నాన్నకు మెట్ట, పెదనాన్నకు బోరు. మార్చుకుందామని ఇద్దరిలో ఒక్కరూ నోరు తెరవలేదు. ముందు అడిగినవాడు ఎదురు డబ్బు కట్టాల్సి వస్తుందని ఇద్దరికీ భయం. మరుసటి వేసవిలో నాన్న ఆ మెట్టలోనే బోరు వేయించాడు. నీళ్లు పడలేదు.

ఎదుటివాడు ఏం చేస్తాడో లెక్కేసుకుని మన అడుగు మనం వేయడాన్ని గేమ్ థియరీ అంటారని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ లెక్కతో చూస్తే మన ఊళ్లలో ఉన్న మూడు పంపకం పద్ధతులూ మూడు వేర్వేరు ఆటలు.

చీటీలో ఎత్తుగడకు చోటు లేదు, అదే దాని బలం. ఎవరూ ఎవర్నీ మోసం చేశారనుకోరు. కానీ ఎవరికేం కావాలో చీటీకి తెలియదు. భాగాలు అచ్చంగా ఒకేలా ఉంటేనే అది పనికొస్తుంది.

రెండోది, పెద్దవాడు పంచితే చిన్నవాడు ఏరుకోవడం. నాకు ఇదంటే గౌరవం. మొత్తం పొలం విలువ వంద అనుకోండి. పెదనాన్న లెక్కలో రోడ్డు పక్కది 70, బోరు కింది చేను 30. నాన్న లెక్క సరిగ్గా తిరగబడి ఉంటుంది. తమ్ముడి మనసు తెలియని అన్న, ఏది మిగిలినా తనకు 50 దక్కేలా పంచుతాడు. రోడ్డు పక్క 143 సెంట్లు ఒక భాగం, మిగతా 57 సెంట్లూ మొత్తం బోరు చేనూ రెండో భాగం. తమ్ముడు రెండోది ఏరుకుంటాడు. ఆయన లెక్కలో అది దాదాపు 79. అన్నకు మాత్రం 50.

అదే తమ్ముడికి బోరంటే ప్రాణమని అన్నకు ముందే తెలుసనుకోండి. బోరు కింద 145 సెంట్లు ఒక వైపు పెట్టి, మిగతా 55 సెంట్లూ మొత్తం రోడ్డు ముక్కా రెండో వైపు పెడతాడు. తమ్ముడి లెక్కలో 145 సెంట్ల చేను 50 కంటే ఒక్క పిసరు ఎక్కువ, కాబట్టి దాన్నే తీసుకుంటాడు. అన్నకు 78 మిగులుతుంది. అవతలివాడి మనసు తెలిస్తే పంచేవాడిగా ఉండాలి, తెలియకపోతే ఏరుకునేవాడిగా ఉండాలి. ఎవరికీ 50కి తగ్గదన్న హామీ మాత్రం రెండు సందర్భాల్లోనూ ఉంది. చీటీలో అది లేదు, మా ఇంట్లో ఇద్దరికీ 30 పాళ్లే వచ్చాయి.

1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టాల ఒప్పందంలోనూ ఈ పద్ధతే ఉంది. సముద్రం అడుగున ఖనిజాలు తవ్వుకోవాలంటే, దరఖాస్తు పెట్టినవాళ్లు సమాన విలువ గల రెండు భాగాలు చూపించాలి. అంతర్జాతీయ సంస్థ అందులో ఒకటి తన కింద ఉంచుకుంటుంది. సమాచారం ఎక్కువ ఉన్నవాడి చేతే పంచిస్తే, తన స్వార్థం కోసమైనా సరిగ్గా పంచుతాడు.

చాలామంది పెద్దమనుషులు ఈ గొడవంతా ఎందుకని పొలం మొత్తాన్నీ పొడుగ్గా నిలువునా చీల్చేస్తారు. ఇద్దరికీ చెరి 50. అరక తిరగని సన్నటి పట్టీలు, మధ్యలో కొత్త గట్టు. ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుని ఉంటే చెరి 70 వచ్చేది! మనసులో మాట ముందు బయటపెడితే అవతలివాడు దాన్ని వాడుకుంటాడన్న భయమే ఆ చెరి 20 పాళ్లనూ మింగేస్తుంది.

ఇల్లు వేరే కథ. దాన్ని చీల్చలేం. పైగా ఇప్పుడు పంపకానికి కూర్చునేది అన్నదమ్ములు మాత్రమే కాదు. హిందూ కుటుంబాల ఉమ్మడి ఆస్తిలో పెళ్లికాని కూతుళ్లకు ఆంధ్రప్రదేశ్ 1986 చట్టంతో సమాన వాటా ఇచ్చింది, హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో అది దేశమంతటా ఆ కుటుంబాల కూతుళ్లందరికీ వచ్చింది. ముగ్గురైతే ఒకరు పంచి ఒకరు ఏరుకోవడం సాగదు. ఇక్కడ పాట మేలు, కానీ గట్టిగా అరిచి పాడే పాట కాదు. అందులో అవసరం కంటే పంతం ముందు పరిగెత్తుతుంది.

పోలండ్ గణితవేత్త క్నాస్టర్ చెప్పిన పద్ధతిలో ఎవరికి వాళ్లు ధర కాగితం మీద రాసి, అన్నీ ఒకేసారి విప్పుతారు. నాన్న పోయాక ఇంటికి మేం అదే చేశాం. చెల్లి 30 లక్షలు రాసింది, అన్న 27, నేను 24. ఎక్కువ రాసిన చెల్లికి ఇల్లు. తన లెక్క ప్రకారం తన వాటా 10 కాబట్టి మిగతా 20 మధ్యలో పెట్టాలి. అందులో అన్న రాసిన దాంట్లో మూడో వంతు 9, నాది 8. ఇంకా 3 మిగిలింది, తలా ఒక లక్ష. అన్నకు 10, నాకు 9, చెల్లి చేతి నుంచి వెళ్లేది 19. ఎవరు రాసిన ధర ప్రకారం చూసినా వాళ్ల మూడో వంతు కంటే ఒక లక్ష ఎక్కువే దక్కింది.

ఇందులోనూ లొసుగుంది. అన్న 27 రాస్తాడని ముందే తెలిస్తే చెల్లి ఇరవై ఏడున్నర రాసి తప్పించుకోవచ్చు. అందుకే కాగితాలు మడిచి మేనమామ చేతికిచ్చాం. అంతకంటే పెద్ద లోపం, చేతిలో డబ్బున్నవాడిదే పైచేయి కావడం. ఇల్లు నిజంగా అవసరమైన మనిషి డబ్బు లేక తక్కువ రాస్తే లెక్క ఎంత గొప్పదైనా అన్యాయమే. ధరలు రాయకముందే, డబ్బు కట్టడానికి మూడేళ్ల గడువని ముగ్గురం అనుకున్నాం. చెల్లి ధైర్యంగా 30 రాయగలిగింది అందుకే. పారీఖత్తు, అంటే పంపకం దస్తావేజు, రిజిస్టరు చేయించినప్పుడు ఆ గడువు కూడా అందులో రాయించాం.