బీచ్‌వర్త్ వెళ్ళాలా, మాల్డన్ వెళ్ళాలా?

రెండూ ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో బంగారం పుణ్యమా అని పుట్టిన ఊళ్ళే, 1850ల మొదట్లో బంగారం దొరికిందని తెలియగానే జనం ఎగబడి వచ్చేశారు, అది అయిపోయాక ఊళ్ళు చిన్నవైపోయాయి. కానీ వాలకం మాత్రం అస్సలు ఒకటి కాదు.

బీచ్‌వర్త్‌ది గవర్నమెంట్ దర్జా. కోర్టు, జైలు అన్నీ తేనె రంగు గ్రానైట్ రాయితో కట్టారు, 1880లో నెడ్ కెల్లీ అనే బందిపోటుని విచారణకి మొదట హాజరుపరిచింది ఆ కోర్టులోనే, తర్వాత మెల్‌బోర్న్‌లో ఉరి తీశారు. వాళ్ళమ్మ ఎలెన్‌ని కూడా అంతకుముందు అదే జైల్లో పెట్టారు పాపం. నాకైతే వీటన్నిటికన్నా శ్మశానంలో చైనా కార్మికుల సమాధుల దగ్గరున్న రెండు పొడవాటి బురుజులే ఎక్కువ నచ్చాయి, చనిపోయినవాళ్ళ కోసం కాగితాలు అందులో కాల్చేవాళ్ళట, ఇంత దూరం వచ్చి కూడా ఆచారం వదల్లేదు చూడండి.

మాల్డన్‌కి అంత హడావిడి లేదు. అరుగుల మీద వరండా కప్పులు, పాత కొట్లు, అలాగే ఉంచేశారు, అందుకే 1966లో పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ దీన్ని మొదటి 'నోటబుల్ టౌన్' (చెప్పుకోదగ్గ ఊరు) అంది. దగ్గర్లోని కాసిల్‌మెయిన్ ఊరి దాకా ఆవిరి రైలు కూడా నడుపుతున్నారు, బీచ్‌వర్త్‌లో ఏమో పట్టాలు తీసేసి సైకిల్ దారి చేసేశారు. మాల్డన్‌లోనే కార్మన్స్ టన్నెల్ అనే గని సొరంగం ఉంది, 1880లలో 570 మీటర్లు రాయి తొలిస్తే దొరికిన బంగారం దాదాపు సున్నా, కొండని తవ్వి ఎలుకని పట్టడం అంటే ఇదే.

మెల్‌బోర్న్ నుంచి ఒక్క రోజులో వెళ్ళి రావాలంటే మాల్డనే దగ్గర, రాత్రి ఉండేట్టయితే మాత్రం నా ఓటు బీచ్‌వర్త్‌కే.